పగడాల జపమాల ఆరేలోపు

ఏప్రిల్ 11, 1589

నా బొమ్మను ఇవాళ చిత్రకారుడు గిలిస్ ఇంటికి చేర్చాను. దుప్పటి చుట్టి, ఒక పక్క నేను, ఒక పక్క మాయ్‌కెన్ పట్టుకుని మోశాం. దారి పొడుగునా మా చెల్లెలు కాలు నొప్పి అని మూలుగుతూనే ఉంది. వేసి అయిదేళ్ళయినా ఆ బొమ్మకు వార్నిష్ పట్టలేదు. రంగులు ఏడాది ఆరాక పూయాలన్నాడు అప్పట్లో. ఏడాది తిరిగేసరికి ఊరి చుట్టూ ముట్టడి, తిండికే దిక్కు లేదు, వార్నిష్ ఎవరిక్కావాలి? ఇప్పుడు పడవ ప్రయాణం. ఉప్పు గాలికి చెడకుండా పూసి ఇమ్మన్నాను.

"మీ మొహం మిడెల్‌బర్గ్ దాకా నిగనిగలాడుతూ వెళ్తుంది పంతులమ్మగారూ" అన్నాడు. వెధవ నవ్వు. అయినా ఈ ఊళ్ళో నేను నమ్మే మగవాడు వాడొక్కడే. వాడి కూతుళ్ళిద్దరికీ అక్షరాలు నేర్పింది నేనే.

ఊరు స్పెయిన్ సేనకు లొంగినప్పుడు మా ప్రొటెస్టెంట్లకు ఇచ్చిన నాలుగేళ్ళ గడువు ఆగస్టు పదిహేడుతో సరి. ఆ రోజుకి ఆంట్వెర్ప్‌లో ప్రతి ఒక్కరూ పాత కాథలిక్ మతంలోకి తిరిగొచ్చి మోకరిల్లాలి, లేదా మూట కట్టుకుని పోవాలి. మా వీధి అప్పుడే మోకరిల్లింది. సంఘంలో అందరికంటే గొంతెత్తి కీర్తనలు పాడిన రొట్టెలాయన ఇప్పుడు ఊరేగింపులో అందరికంటే లావుపాటి కొవ్వొత్తి పట్టుకుని నడుస్తున్నాడు. వాడి రొట్టె కొనడం మానేశాను. రెండు వీధులు నడిచి వేరే చోట కొంటున్నాను. అక్కడివాడు కూడా మోకరిల్లినవాడే, కాని వాడు ముందు అంత గట్టిగా పాడలేదు.

మిడెల్‌బర్గ్‌లో ఆడపిల్లల బడి జూన్ ఆఖరు దాకా నాకోసం ఖాళీగా ఉంచుతామని అక్కడి మా ప్రొటెస్టెంట్ సంఘం పెద్దలు రాశారు. షరతు ఒకటే. ఈ నాలుగేళ్ళలో నేను పూజకు వెళ్ళలేదనీ, జపమాల పట్టలేదనీ, మా సంఘంవాళ్ళు ఇద్దరు సంతకం చేసిన సాక్ష్యపత్రం తీసుకెళ్ళాలి. డింగ్నె అవ్వ ఒకరు, గిలిస్ ఒకరు. ఊళ్ళో సంఘం అని మిగిలిందే మేం ముగ్గురం. పత్రం నేనే రాసి పెట్టాను. ఇక వాళ్ళ సంతకాలే.

ఏప్రిల్ 14

వాన. మాయ్‌కెన్ గిలిస్ ఇంటికి వెళ్ళొచ్చింది. వాడి పెళ్ళాం కొత్త లేసు అడిగిందట.

ఏప్రిల్ 22

బొమ్మ లేక గోడ బోసిగా ఉంది. మనిషికి తన మొహం మీద ఇంత బెంగ ఉండకూడదు. నాకున్నది మొహం మీద కాదు. వేయించినప్పుడు గిలిస్‌తో పడిన గొడవ మీద. వాడు నన్ను ఎడమకి తిప్పి కూర్చోబెట్టాడు. ఎందుకలా అంటే, "ఆడవాళ్ళు అటే చూస్తారండీ. మొగుడి బొమ్మ అటు వేలాడుతుంది కదా" అన్నాడు. నా మొగుడు పోయి అప్పటికి పదకొండేళ్ళు. లేని బొమ్మకేసి నేనెందుకు చూడాలి? ఇటు తిప్పు అన్నాను. "ఇటు మగాళ్ళు చూస్తారండీ" అన్నాడు. అయితే ఇటే తిప్పు అన్నాను. చేతిలో చేతి తొడుగులు పెట్టబోయాడు, తీసి పారేశాను. పుస్తకం పట్టుకున్నాను. తెరిచి. మూసిన పుస్తకం ఎవరైనా పట్టుకుంటారు.

నలభై ఒక్కేళ్ళ ఆడది, నల్ల గౌను, మెడ చుట్టూ గంజి పెట్టిన మడతల కాలరు, చదువుతూ చదువుతూ తలెత్తి, నువ్వెందుకు అడ్డొచ్చావని చూస్తోంది. నా బతుకులో నేను గెలిచిన వాదం అదొక్కటే. మిగిలినవన్నీ ఎదుటివాళ్ళు అలిసిపోయి లేచి వెళ్ళిపోయినవి.

ఏప్రిల్ 29

డింగ్నె అవ్వ సంతకం చెయ్యనంది.

పత్రం ముందు పెట్టి కలం అందించాను. డెబ్భై ఏళ్ళ మనిషి, మజ్జిగ గిన్నె పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో దాచుకుంది.

"నా చేత అబద్ధం రాయించకే యోసీనా. పైకి పోయే వయసు నాది."

"అబద్ధమేంటి అవ్వా?"

"నిన్న గిలిస్ కొట్టు ముందు నుంచి వచ్చా. కిటికీలో పెట్టాడు నిన్ను. అంత చక్కగా జపమాల పట్టుకుని కూర్చున్నావు. ఎర్రగా, పగడాలు. చివర వెండి సిలువ కూడాను."

నవ్వాను. నీ కళ్ళకి పొర కమ్మింది అవ్వా, అది పుస్తకం అన్నాను.

"కళ్ళు పోయినా పుస్తకానికీ పూసలకీ తేడా తెలీదా నాకు? నా మొగుడు ఆ పూసలు పట్టనన్నందుకే కదే వాణ్ణి ఈడ్చుకుపోయింది" అంది. మజ్జిగ కూడా ఇవ్వలేదు.

నేను పట్టుకోలేదు. నేను ఎన్నడూ పట్టుకోలేదు.

ఏప్రిల్ 30

ఆదివారం. కొట్టు మూసి ఉంటుంది.

మే 2

వెళ్ళాను. ఉంది.

పుస్తకం లేదు. పుస్తకం ఉన్నచోట గౌను నలుపు నింపేశాడు. దాని మీద పగడాల వరస, ఒక్కో పూస మీద సూదిమొనంత తెల్ల చుక్క, వెలుగు పడినట్టు. పూసలు బాగా వేశాడు. అదే నన్ను ఎక్కువ మండించింది. నా పుస్తకం వేసినప్పుడు అంత శ్రద్ధ పెట్టలేదు.

కొట్టులో ఎవరూ లేరు. తలుపు మూసి అడిగాను.

"ఎవరు చెయ్యమన్నారు?"

"కూర్చోండి పంతులమ్మగారూ."

"కూర్చోను. ఎవరు?"

"మీ చెల్లెలుగారే. మీకు చెప్పే వచ్చానన్నారు."

"నువ్వు నమ్మావు."

బ్రష్ తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నమ్మలేదు" అన్నాడు. కనీసం ఆ మాత్రం నిజాయితీ. "చర్చిలో స్వాములోరు కొత్త పీఠానికి బొమ్మలు వేయిస్తున్నారు. పెద్ద పని. నా పేరు సంఘం వాళ్ళ జాబితాలో ఉందని ఎవరో చెప్పారట. ఇది కిటికీలో పెడితే నా మీద ఆ మచ్చ పోతుందని మాయ్‌కెనమ్మ అన్నారు. మీ మీద కూడా పోతుందన్నారు."

"నేను మచ్చ పోగొట్టమని అడిగానా?"

"మీరు అడగరు. మీకు పోట్లాట కావాలి. మాకు తిండి కావాలి."

నా కూతుళ్ళలాంటి వాళ్ళ తండ్రి ఈ మాట అన్నాడు. ఆ పిల్లలకి నేను ఉచితంగా... పోనీ, ఆ లెక్క ఇక్కడ ఎందుకు.

అప్పుడు గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పాడు. పాత రంగు మీద మొదట వార్నిష్ పూశాడట, అది గట్టిపడ్డాకే పూసలు వేశాడట. పైది తుడిచినా కిందిది చెడదు. "ఎరుపు ఆలస్యంగా ఆరుతుంది. అందులో వాల్‌నట్ నూనె కలిపా, ఇంకా ఆలస్యం. జూన్ మొదటి వారం దాకా మెత్తగానే ఉంటుంది. టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే చాలు, మీ పుస్తకం మీకొస్తుంది. ఊ అనండి, ఇప్పుడే తుడిచేస్తా. స్వాములోరితో నా తిప్పలు నేను పడతా. కాని ఆ వారం దాటితే వార్నిష్‌తో కలిసి బిగుసుకుపోతుంది. అప్పుడు నావల్ల కాదు, ఎవరివల్లా కాదు."

గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా.

నేను వాణ్ణి ద్రోహి అన్నాను, ఇస్కరియోతు యూదా అన్నాను, ముట్టడిలో నా వంతు బఠానీలు నీ పిల్లలకి పెట్టానన్నాను. తలుపు విసిరేసి వచ్చేశాను. వీధి చివరికి వచ్చాక గుర్తొచ్చింది, ఊ అనలేదని. కోపంలో మర్చిపోయాను.

మే 3

మాయ్‌కెన్‌తో.

"ఎందుకు చేశావే?"

లేసు అల్లే దిండు మీంచి తలెత్తలేదు. "గడువు దగ్గరపడింది అక్కా."

"అది నాకు తెలీదా? అందుకే కదా వెళ్తున్నా."

"నువ్వు వెళ్తున్నావు. నేను? ఈ కాలేసుకుని నేను పడవెక్కుతానా? మూడేళ్ళ క్రితమే నేను మోకరిల్లా, అక్కడ నన్ను గడప తొక్కనిస్తారా? నువ్వేమో సాక్ష్యాలూ సంతకాలూ అంటావు. నీ తర్వాత ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరో ఒక్కసారైనా అడిగావా?"

"అందుకని నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

"నిన్నేం చెయ్యలేదు. బొమ్మని చేశా. నీ నోరు నీకుంది కదా, వెళ్ళి అందరికీ చెప్పుకో, అది నేను కాదని."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేక కాదు. ఉంది. కాని ఏడ్చేవాళ్ళతో నేను వాదించను.

రాత్రి భోజనానికి హెర్రింగ్ చేప ముళ్ళు తీసి నా పళ్ళెంలో పెట్టింది. తినలేదు. తర్వాత తిన్నాను.

మే 5

గిలిస్ ఇంటికి బయల్దేరాను. వాన పట్టుకుంది.

మే 9

నాలుగు రోజులుగా మనసులో తిరుగుతున్నది రాసి పారేస్తాను.

ఈ ఊళ్ళో బొమ్మకున్న పరపతి మనిషికి లేదు. రేవు వీధిలో ధాన్యం వ్యాపారి పక్కన పుర్రె పెట్టించుకుని, మరణాన్ని తలుచుకునే మహానుభావుడిలా వేయించుకున్నాడు. ముట్టడిలో బస్తాలు దాచి ఎంతమంది మరణానికి కారణమయ్యాడో ఆ పుర్రె చెప్పదు. కత్తి పట్టుకుని వేయించుకున్న పెద్దమనుషులు స్పెయిన్ సేన వచ్చిన రోజు ఆ కత్తుల్ని ఏ బావిలో పారేశారో నాకు తెలుసు. మగవాడు ఏం పట్టుకుంటే అది వాడి గొప్ప. ఆడదాని చేతిలో ఏముండాలో మాత్రం ముందే రాసి పెట్టారు. తొడుగులు, పువ్వు, కుక్కపిల్ల, పూసలు. పుస్తకమైతే మూసి ఉండాలి, అది కూడా ఒళ్ళో.

నలభై ఆరేళ్ళు నోటితో బతికాను. నాలుగేళ్ళు పూజకు వెళ్ళకుండా జరిమానా కట్టాను. డింగ్నె అవ్వ ఈ నాలుగేళ్ళూ ఆదివారం ఆదివారం నా పక్కన కూర్చుని, తలుపులు మూసుకుని కీర్తనలు చదివింది. అయినా నలభై పూసల ఎర్రరంగు చూసి నా మాట కొట్టేసింది. నా కళ్ళలోకి చూసి అడగొచ్చు కదా, అమ్మాయ్, నువ్వు పట్టుకున్నావా అని! అడగలేదు. మన సంఘమే కదా బొమ్మల్ని నమ్మొద్దని గుళ్ళలో విగ్రహాలు పగలగొట్టింది? నా విషయంలో బొమ్మనే నమ్మారు.

అందరూ కలిసి నన్ను అమ్మేశారు. చెల్లెలు, గిలిస్, అవ్వ. వరసగా ముగ్గురూ.

రేపు వెళ్ళి తుడిపించేస్తాను.

మే 10

పిల్లలకు పాఠం ఉంది.

మే 13

స్వాములవారు వచ్చారు, మా వాడ చర్చి గురువు. లావుపాటి మనిషి, మెట్లెక్కి ఆయాసపడ్డారు. వెనకగదిలో నా దొంగబడి పిల్లలు పన్నెండుగురూ తలలు వంచుకుని లేసు అల్లుతున్నట్టు నటించారు. ఒక్కో దిండు కింద ఒక్కో పలక.

ఆయన ఒక దిండు ఎత్తి చూశారు. పలక మీద తీసివేత లెక్క. చూసి మళ్ళీ పెట్టేశారు.

"మూడోది తప్పు చేసింది అమ్మాయి" అన్నారు.

తప్పే. ఆ పిల్లని తర్వాత మందలించాను.

"ఎందుకమ్మా ఈ దొంగాట? బొమ్మ చూశాను. సంతోషం. జూన్ ఆఖరులోగా వచ్చి పాపసంకీర్తనం చేసుకోండి, మోకరిల్లి పాపాలు చెప్పుకోండి. తలుపు మీద బడి బోర్డు పెట్టుకోండి. పన్నెండు కాదు, నలభై మందిని పెట్టుకోండి."

"ఆ జపమాల నేను వేయించింది కాదు స్వామీ."

"అలాగా" అన్నారు. నమ్మలేదో, నమ్మి కూడా పట్టించుకోలేదో తెలియలేదు. "బోర్డు మాత్రం మీరే వేయించుకోవాలి మరి."

రెండు గంటలు వాదించాను. లెక్కలు నేర్పుతానన్నాను. నేర్పండి అన్నారు. భాగహారం కూడా అన్నాను. "మా చెల్లెలు బట్టల కొట్టు నడుపుతుంది, దానికి భాగహారం రాక ఏడుస్తుంది, నేర్పండమ్మా" అన్నారు. పిల్లలు ఏదైనా చదవొచ్చా అన్నాను. "ఏదైనా కాదు. కాని చదవొచ్చు. ముందు దైవోపదేశం." ఆయన ఒక్కోదానికీ ఒప్పుకుంటూ పోతుంటే నాకు వాదించడానికి పట్టు దొరకలేదు. శత్రువు అలా ఉండకూడదు.

మే 14

మిడెల్‌బర్గ్ ఉత్తరం మళ్ళీ చదివాను. "ఆడపిల్లలకు తగిన చదువు: అక్షరాలు, బైబిలు వాక్యాలు, కుట్టుపని." లెక్కల ఊసు లేదు. జనవరిలో నేను అడిగితే వచ్చిన జవాబు కూడా తీశాను. "అవి అబ్బాయిల బడిలో ఉన్నాయి, అమ్మాయిలకు అక్కర లేదు."

అది నాకు ముందే తెలుసు. వెళ్ళాక వాళ్ళతో వాదిద్దామనుకున్నాను.

దీనికీ బొమ్మకీ సంబంధం లేదు. బొమ్మ తుడిపించి తీరాలి. అది న్యాయం విషయం.

మే 21

పెంతెకొస్తు పండగ ఆదివారం. గంటలు. తలుపులు వేసుకుని కూర్చున్నాను. అవ్వ రాలేదు. ఒక్కదాన్నే కీర్తన చదివాను.

మే 27

గిలిస్ పెద్ద కూతురు వచ్చింది. "ఇంకో వారమే అని నాన్న చెప్పమన్నాడు పంతులమ్మా. దేనికో చెప్పలేదు. మీకు తెలుసన్నాడు."

తెలుసు.

లేసు ఇవ్వాల్సిన గడువు నెత్తిమీద ఉంది. మాయ్‌కెన్ కాలు వాచింది. మందు కాచి పట్టు వేశాను. చెయ్యక ఏం చేస్తాను, నేను ద్రోహిని కాదు కదా.

జూన్ 1

ఆలోచిస్తే, ద్రోహం చేసినవాడే వచ్చి దిద్దాలి. నేను వెళ్ళి అడుక్కోవడమేంటి? గిలిస్‌కి సిగ్గుంటే, తప్పు తెలిస్తే, నేను ఊ అనేదాకా ఆగడు. వాడే తుడిచి, బొమ్మ మోసుకుని నా గుమ్మంలోకి రావాలి. అది పద్ధతి. నేను ఎదురుచూస్తున్నాను.

జూన్ 4

కడుపునొప్పి.

జూన్ 8

డింగ్నె అవ్వ వచ్చింది. నలభై రోజుల తర్వాత. కర్రకు ఆనుకుని గుమ్మంలోనే నిలబడింది.

"సోమవారం పడవకి పోతున్నానే. నా అన్న కొడుకు తీసుకుపోతాడు."

లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"నీ గురించి నిద్ర పట్టట్లేదు నాకు. నిజం చెప్పు. పట్టుకున్నావా?"

"లేదు అవ్వా."

నా మొహం చాలాసేపు చూసింది. ఇదే చూపు ఏప్రిల్‌లో చూసి ఉంటే! అప్పుడు మొత్తం చెప్పాను. మాయ్‌కెన్ సంగతి, గిలిస్ సంగతి, కింద పుస్తకం అలాగే ఉందన్న సంగతి.

"మరి తుడిపించు! నా కళ్ళముందు తుడిపించు. అక్కడే సంతకం పెడతా. పద, ఇప్పుడే పద."

"ఇప్పుడు పిల్లలున్నారు అవ్వా. శనివారం వెళ్దాం."

జూన్ 10

వెళ్ళాం. అవ్వ చెయ్యి పట్టుకుని నడిపించాను. మబ్బుల్లేవు, వాన రాలేదు.

గిలిస్ మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. బొమ్మ కిటికీలోంచి దించి బల్ల మీద పెట్టాడు. గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి, అన్నిటికంటే కింది పూస మీద రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. గుడ్డ తిప్పి చూపించాడు. తెల్లగా ఉంది. గోరుతో గీశాడు. పూస కదల్లేదు, కింది నలుపు వార్నిష్‌తో కలిసి పెచ్చులా లేచింది. అక్కడితో ఆపేశాడు.

"ఆరిపోయింది" అన్నాడు.

"ఏంట్రా ఆరిపోవడం?" అంది అవ్వ. "తుడిస్తే వస్తుందన్నావట?"

"మొన్నటిదాకా వచ్చేదవ్వా."

అవ్వ నాకేసి తిరిగింది. "గడువుందని వీడు నీకు చెప్పాడా?"

గిలిస్ నాకేసి చూశాడు. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

"చెప్పలేదు" అన్నాను.

వాడు గుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు, చాలా జాగ్రత్తగా, అంచులు కలిపి. అవ్వ వాణ్ణి కర్రతో కొట్టినంత పని చేసింది. నోటికొచ్చినన్ని తిట్లు తిట్టింది. నేను కూడా తిట్టాను. అవ్వకంటే గట్టిగా తిట్టాను. వాడు ఒక్క మాట కూడా తిరిగి అనలేదు.

అప్పుడు అవ్వ కలం అడిగింది.

"ఈ బొమ్మ సంగతి నాకు తెలిసిపోయిందిగా. నువ్వు పట్టుకోలేదు, నీ చేతిలో వాళ్ళు పెట్టారు. ఇవ్వు ఆ పత్రం." పేరంతా రాసింది. కలం గిలిస్ ముందుకు తోసింది. "నువ్వూ పెట్టరా. ఆ మాత్రమైనా రుణం తీర్చుకో." వాడు పెట్టాడు. సిరా ఆరేదాకా ఊదాడు. పత్రం నా చేతికిచ్చేటప్పుడు మాత్రం నెమ్మదిగా అన్నాడు, "పోవడానికి పత్రం, ఉండడానికి బొమ్మ. ఇప్పుడు రెండూ ఉన్నాయి మీ దగ్గర."

ఇంటికొచ్చి పత్రం మళ్ళీ మళ్ళీ చదివాను. ఏ తప్పూ లేదు.

జూన్ 12

అవ్వ మూట మోసుకుని రేవుకు వెళ్ళాను. పడవలో తాడు చుట్ట మీద కూర్చోబెట్టి, ఒళ్ళో రొట్టె, జున్ను పెట్టాను.

"నీ మూటేదే?" అంది.

"తర్వాతి పడవకి వస్తాను అవ్వా. లేసు లెక్క తేలలేదు. మాయ్‌కెన్ కాలు..."

"ఆ మోసగాళ్ళ మధ్య ఎలా ఉంటావే తల్లీ" అని నా చెంపలు నిమిరింది. నాకు ఏడుపొచ్చింది. పడవవాడు తాడు విప్పుతున్నాడు, అవ్వ ఇంకా నన్ను ఓదారుస్తూనే ఉంది.

జూన్ 20

తర్వాతి పడవ కూడా వెళ్ళింది. నేను రేవు వైపు వెళ్ళలేదు. పత్రం పెట్టెలో ఉంది. బొమ్మ కూడా గిలిస్ మోసుకొచ్చాడు, గోడకి మేకు వాడే కొట్టాడు.

జూన్ 26

పిల్లల తల్లులు ఇద్దరు వచ్చారు. బోర్డు ఎప్పుడు పెడతారని అడిగారు. భాగహారం నేర్పుతారట కదా అన్నారు.

జూన్ 29

పాపసంకీర్తనానికి స్వాములవారి దగ్గరికి వెళ్ళాను. మాయ్‌కెన్ కర్ర పట్టుకుని తోడొచ్చింది. రాళ్ళ నేల మీద మోకాళ్ళు పట్టేశాయి.

అంతా విన్నాక ఆయన ఒక్కటే అడిగారు. ఇది మీ అంతట మీరు వచ్చింది కదా, ఎవరి బలవంతమూ లేదు కదా అని. లేదన్నాను.

బయటికొచ్చాక మెట్ల దగ్గర మాయ్‌కెన్ నా చెయ్యి పట్టుకోబోయింది. విదిలించాను. దాని ద్రోహాన్ని నేను ఎన్నటికీ క్షమించను.